ఝాన్సీ మానేసిన అన్నం

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో ఆడవాళ్ళంతా ఝాన్సీ చుట్టూ మూగి, ఎంత సన్నబడిపోయిందో అని ముచ్చటపడుతుంటే దేవమణి కడుపులో కుంపటి రాజుకుంది. ఇద్దరూ ఆమదాలవలసలో ఒకే ఇంటి తోడికోడళ్ళు. ఇద్దరికీ సుగరే. చిన్నకోడలు ఝాన్సీ ఎండాకాలంలో అన్నం మానేసి గుడ్లు, చేపలు, ఆకుకూరలతో సరిపెట్టుకుంది. ఇప్పుడు పెళ్ళికూతురిలా ఉందని స్వయానా అత్తగారే అంది.

అదైనా ఓర్చుకునేది. ఇంటికొచ్చాక భర్త విక్టర్ కూడా అందుకున్నాడు.

"ఝాన్సీని సూసైనా నేర్సుకోయే. నీ నోటికి తాళం ఎయ్యాల."

మర్నాటి నుంచి దేవమణి గుట్టుగా అన్నం మానేసింది. అందరికీ వడ్డించి, తను తినేశానని చెప్పి, పెరట్లో రెండు గుడ్లు నమిలేది. ఝాన్సీని అడిగితే ఏం తినాలో, ఎలా తినాలో చెప్పేదే. కానీ అడగడమంటే ఓడిపోవడమే అనిపించింది. సుగరు మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటూ వచ్చింది.

ఒకనాడు కళింగపట్నం నుంచి వచ్చిన చేపలు తోముతుంటే చేతులు వణికాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. కళ్ళు మసకబారి అక్కడే కూలబడింది. గిన్నె పడ్డ చప్పుడుకి ఝాన్సీ పరుగెత్తుకొచ్చి, చూసిన వెంటనే పంచదార నీళ్ళు కలిపి తెచ్చింది.

"తాగక్కా. పొద్దున్న ఏటి తిన్నావు?"

"గుడ్డు."

"మాత్ర?"

"ఏసుకున్నాను."

"అయ్యో పిచ్చిదానా! అన్నం మానేస్తే మాత్ర తగ్గించాల. నాకు డాక్టరు ముందే తగ్గించినాడు. నన్నొక్క మాట అడగొచ్చు గదా?"

"అందరూ నిన్నే మెచ్చుకుంతన్నారు. అడగబుద్ధి కాలేదే."

ఝాన్సీ ఖాళీ గ్లాసు అందుకుని పక్కనే కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "పండగనాడు మీరందరూ పలావు తింతంటే నాను గదిలో తలుపేసుకుని ఏడ్సినానక్కా. నువ్వు రెండోసారి ఏయించుకుంతంటే నీ మీద ఎంత కుళ్ళుకున్నానో!"

ఆ మాట దేవమణికి పంచదార నీళ్ళకన్నా తియ్యగా దిగింది.

"నిజంగానా? మళ్ళీ సెప్పు."

సాయంత్రం ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన నాలుగు తిట్లు తిట్టి, మాత్ర మార్చి, అన్నం ఒక్కసారే మానకుండా కొంచెం కొంచెంగా తగ్గించుకోమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దేవమణి తోడికోడలి చెయ్యి వదల్లేదు. పట్టుకున్న మణికట్టు ఎంత సన్నగా ఉందోనని దారంతా చూస్తూనే ఉంది.