ఔ అంటే

నాతో బేగం బజారుకు రావడమంటే మా ఇంట్లో అందరికీ చిరాకు. దుకాణంవాడికి సరుకులు చెప్పి, "ఏం చెప్పిన, మళ్లీ చెప్పు" అంటాను. కందిపప్పు రెండు కిలోలని వాడి నోటితో వినేదాకా కదలను. స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాను కదా, ఆ చాదస్తం పోలేదని మా ఆవిడ విజయ నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇరవై రెండేళ్లుగా ఆమెక్కూడా చెప్పలేదు.

మా అమ్మాయి వనిత పైలట్ శిక్షణలో ఉంది. రెండు వందల గంటలు ఎగరాలి, నూట నలభై అయ్యాయి. రేడియోలో మాట్లాడే పరీక్ష దగ్గర పడిందని పోయినవారం సెలవు పెట్టి నాంపల్లికి, ఇంటికి వచ్చింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత శిక్షణ పుస్తకం పట్టుకుని నేను విమానాలకు ఆదేశాలిచ్చే టవర్‌నవుతాను, తను విమానమవుతుంది. నేనిచ్చిన ఆదేశాన్ని తను మాట పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. ఒట్టి 'రోజర్' అంటే చాలదు. రోజర్ అంటే విన్నానని మాత్రమే, చేస్తానని కాదు. ఈ ఒక్క నియమం చూసే ఆ ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగింది.

మొన్న సాయంత్రం "హోల్డ్ షార్ట్ ఆఫ్ రన్‌వే" అని చదివాను. రన్‌వేకి ఇవతలే ఆగమని.

"రోజర్," అంది వనిత.

పుస్తకం బల్ల మీద కొట్టాను. "రోజర్ ఏంది? ఆగుతవా, ఉరుకుతవా? గట్ల అంటే గాడ పానాలు పోతయ్!"

మామూలుగా అయితే తిరిగి అరుస్తుంది, నా కూతురే కదా. ఆ రోజు అరవలేదు. మొహం చేతుల్లో దాచుకుంది.

"నాన్నా, నేను నిజంగనే గట్ల చేసిన."

పది రోజుల కిందట ఒక్కతే ఎగరబోతూ, టవర్ మాట సరిగా వినకుండానే రోజర్ అనేసి రన్‌వే మీదికి వెళ్లిపోయిందట. టవర్‌లో ఉన్నాయన కూడా రెట్టించి అడగలేదు. దిగబోతున్న మరో విమానం ఆఖరి నిమిషంలో పైకి లేచింది. ఏమైందని అడిగితే, రేడియో గరగరమన్నదని చెప్పింది. రేడియోలు చూసే రవికిరణ్‌ని పనిలోంచి ఆపేశారు.

"రేడియో మంచిగనే ఉండె నాన్నా. నిజం చెప్తే నన్ను తీసేస్తరు. ఏం జెయ్యాలె?"

చెప్పెయ్ బిడ్డా అనడానికి నాకు నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాను? ముందు నాది చెప్పాను.

ఇరవై రెండేళ్ల కిందట ఓ చిన్న స్టేషన్‌లో చేసేవాణ్ణి. రైలొస్తుందంటే గేటుమన్‌కి ఫోన్ చేసి గేటు వెయ్యమనాలి. వేశాక అతను తన దగ్గరున్న నంబర్ల చీటీలోంచి ఒక నంబరు చెప్పి, దాని మీద గీత గీసి కొట్టేస్తాడు. అది నా రిజిస్టర్లో రాసుకుంటేనే గేటు పడినట్టు. ఆ రోజు గేటుమన్ బాలరాజు "ఔ సారూ, ఔ" అన్నాడు. మన దగ్గర ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ ఔ ఔ అంటూనే ఉంటాం, వింటున్నామని. నేను గేటు పడిందనుకుని, నంబరు అడక్కుండానే ఫోన్ పెట్టేశాను. తెరిచే ఉన్న గేటులోంచి స్కూటర్ మీద వస్తున్న మనిషిని రైలు గుద్దేసింది.

శవం దగ్గర బాలరాజు ఏడుస్తుంటే నేను గేటు గదిలోకి వెళ్లాను. చీటీలో తర్వాతి నంబరు నేనే కొట్టేసి, వచ్చి నా రిజిస్టర్లో నింపాను. విచారణలో "నేను నంబర్ ఇయ్యలే సారూ" అని బాలరాజు నా వైపే చూస్తూ అన్నాడు. నేను నేల చూపులు చూశాను. గేటు వెయ్యకుండానే నంబరు ఇచ్చాడని అతని ఉద్యోగం పోయింది. నాకు మాత్రం ప్రమోషన్లు వచ్చాయి.

వనితకు నా మీద అసహ్యం వేసిందేమో, అడిగే ధైర్యం నాకు లేదు. తర్వాత లేచి, తనకు శిక్షణ ఇచ్చే శ్రీపతి సారుకు ఫోన్ చేసి మొత్తం చెప్పింది. ఆయన ఏమన్నాడో తను తిరిగి అప్పజెబుతుంటేనే నాకు తెలిసింది.

"సోమవారం పదింటికి జరిగినదంత రాసియ్యాలె. అప్పటిదాక ఏ విమానం ముట్టొద్దు. నన్ను ఉంచుతరో తీసేస్తరో ఇప్పుడు చెప్పలేరు. అంతే కదా సార్."

ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది.

"బాలరాజు అంకుల్ ఏడుంటడు?"

"చాదర్‌ఘాట్ల. వాచ్‌మన్‌గ చేస్తుండు." నాకు తెలుసు. ఆ గల్లీ తప్పించుకుని కోఠి మీదుగా తిరిగిపోతుంటాను.

"రేపు పోయి నిజం చెప్తవా? రైల్వే ఆఫీసుకు గూడ రాసిస్తవా?"

"ఔ," అన్నాను.

వనిత నా ముందు నుంచి కదలలేదు. "ఔ అంటే విన్నవా, పోతవా?"

తను అడిగినదాన్ని తిరిగి అప్పజెప్పాను. "రేపు చాదర్‌ఘాట్ పోవాలె. నంబర్ నేనే కొట్టేసిన అని బాలరాజుకు చెప్పాలె. ఆఫీసుకు రాసియ్యాలె."

"పోవాలె గాదు నాన్నా. పోత అను."

"పోత," అన్నాను.