కెజియా మెడగుడ్డ

దొరసాని భుజాల మీద రాలిన జుట్టు పౌడరును మెత్తటి బ్రష్షుతో దులుపుతున్నాను. బూడిదరంగు పట్టు మీద ఆ తెల్లటి పొడి ఒక పట్టాన పోదు. పైనుంచి కిందికి, ఒకే దిక్కుగా, ఊపిరి బిగబట్టి దులపాలి. సగం పనయ్యేసరికి పై అంతస్తులో పాప కిలకిలా నవ్వింది.

దొరసాని చేయెత్తింది. నేను ఆగిపోయాను.

"ఎవరు నవ్విస్తున్నారు దాన్ని?"

"తనంతట తనే నవ్వుకుంటోందేమో అమ్మగారూ."

"డోర్కస్, నీకు అబద్ధాలు చేతకావు. ఊరికే శ్రమపడకు."

పైనుంచి మళ్ళీ నవ్వు. వెనకే దాది కెజియా గొంతు. "ఏదే నా ముల్లంగి? నా ఎర్ర ముల్లంగి ఏ మడిలో దాక్కుందే?" అని పొలం గట్టు మీద నిలబడి పిలిచినట్టు పిలుస్తోంది. యార్‌కోంబ్ దొరగారి ఏకైక కూతురు లేడీ థియోడోసియాను ముల్లంగి అని పిలిచే మనిషి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. పాపకు తన పెద్ద పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడటం కూడా తెలియదు.

దొరసాని అద్దంలో తన మొహాన్నే చూసుకుంటూ కూర్చుంది. "నేను గదిలోకి వెళ్తే తుమ్ముతుంది" అంది చివరికి. "నా కూతురు నన్ను చూసి తుమ్ముతుంది."

పాప పుట్టిన ఆరో రోజున కెజియా బండిలో వచ్చి తీసుకెళ్ళింది. దొరల ఇళ్ళల్లో అదే పద్ధతి. నాలుగు మైళ్ళ దూరంలో, మా ఊళ్ళో, కెజియా గుడిసెలో దాని పాలు తాగి రెండేళ్ళు పెరిగింది పాప. దొరసాని నెలకొకసారి బండిలో వెళ్ళి, చేతి తొడుగులు తియ్యకుండానే దాని బుగ్గ ముట్టుకుని వచ్చేది. కెజియా పాపను ఎత్తుకుపోయిన రోజు దొరసాని గుండెలకు దుప్పటి చింపి బిగించి కట్టింది నేనే. పాలు ఇంకిపోవడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ పొద్దున నేను ముడి బిగించేటప్పుడు ఆమె మంచం కోడును పట్టుకునేది.

ఇప్పుడు పాప ఇల్లు చేరింది. కొత్త చోటు అలవాటయ్యేదాకా వెంట ఉండమని కెజియాను కూడా రమ్మన్నారు. మూడు వారాల గడువు. మూడో ఆదివారం, చర్చి అయ్యాక, చుట్టాలందరూ పెద్ద హాల్లో కూర్చుంటారు. బిడ్డను గుమ్మం దగ్గర దించుతారు. బిడ్డ తనంతట తాను నడిచివెళ్ళి తల్లి ఒడి చేరాలి. దాంతో దాది పని అయిపోయినట్టు. యార్‌కోంబ్ ఇంట్లో ఎన్ని తరాల నుంచో ఇదే ఆనవాయితీ.

ఈసారి దానికి ఇంకో ముడి కూడా పడింది. పెద్ద దొరసాని, అంటే దొరగారి తల్లి, బాత్ పట్టణం నుంచి ఉత్తరం రాసింది. బిడ్డ తల్లిని గుర్తుపట్టకపోతే యార్‌కోంబ్‌లో ఉండి లాభమేమిటి, నేనే తీసుకెళ్ళి పెంచుకుంటాను అని. దొరగారు ఆ ఉత్తరం టేబులు మీద పెట్టి, "అమ్మ చెప్పిందాంట్లో తప్పేముంది?" అన్నారు. దొరసాని ఆ ఉత్తరాన్ని మడిచి, మళ్ళీ మడిచి, ఇక మడవడానికి వీలుకానంత చిన్నది చేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె వెంట నేనూ పాప గదికి వెళ్ళాను. కెజియా నేల మీద కూర్చుని ఉంది. పాప దాని మెడలో మొహం దాచుకుని, మెడకు చుట్టిన ముతక నారగుడ్డ అంచు నోట్లో పెట్టుకుని ఉంది. మా ఊరి ఆడవాళ్ళందరూ వేసుకునే మెడగుడ్డే అది. భుజాల మీదుగా తెచ్చి గుండెల దగ్గర ముడేసుకుంటారు. కెజియా దానికి నీలం దారంతో అంచు కుట్టుకుంది. కుట్టు వంకర.

"రా బంగారం" అంది దొరసాని వంగి.

పాప తుమ్మింది. రెండుసార్లు. తర్వాత మెడగుడ్డలోకి ఇంకా లోపలికి దూరింది.

"పౌడరు అమ్మగారూ" అంది కెజియా లేవబోతూ. "దానికి ముక్కు సున్నితం. మా ఇంట్లో పిండి జల్లిస్తున్నా ఇంతే. కాసేపు కూచోండి, అదే వస్తుంది."

"నా బిడ్డకు ఏది సున్నితమో నువ్వు చెప్తే తెలుసుకోవలసి వచ్చింది నాకు."

కెజియా మొహం ఎర్రబడింది. తప్పు ఎక్కడ జరిగిందో దానికి అర్థం కాలేదు. దానికి ఎప్పుడూ అర్థం కాదు.

కెజియా, నేను ఒకే బడిలో చదువుకున్నాం. మిసెస్ ట్విగ్ అనే ముసలావిడ తన వంటింట్లోనే నడిపేది ఆ బడిని. ఆవిడ మనవడు ఏడిస్తే తీసుకెళ్ళి కెజియా ఒళ్ళో పడేసేది. వాడు టక్కున నోరు మూసేవాడు. నా ఒళ్ళో పుస్తకం ఉండేది. నేను అక్షరాలన్నీ తప్పు లేకుండా అప్పజెబితే ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. కెజియా తలుపు తోసుకుని వస్తే పిల్లి కూడా లేచి ఎదురెళ్ళేది. ఇది నేనెవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతి కూడా కాదు.

అందుకే, గదికి తిరిగొచ్చాక దొరసాని చెవి పోగులు తీసి విసిరికొట్టి, "దానిలో ఏముంది? నాలో లేనిది ఏముంది దానిలో?" అని అడిగినప్పుడు నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు.

"దానిలో ఏమీ లేదమ్మగారూ" అన్నాను. "మెడగుడ్డలో ఉంది."

ఆమె నా వైపు తిరిగింది.

"మొన్న కెజియా మొహం కడుక్కుంటూ మెడగుడ్డ తీసి కుర్చీ మీద వేసింది. పాప కెజియా దగ్గరికి పోలేదు. కుర్చీ దగ్గరికి పోయి ఆ గుడ్డలో మొహం పెట్టి నిద్రపోయింది. వాసన, అమ్మగారూ. పాలు, పొయ్యి పొగ, సీమచామంతి. కళ్ళు మూసుకున్నప్పుడు దానికి అమ్మంటే అదే."

"మరి కళ్ళు తెరిచినప్పుడో?"

"గొంతు. కెజియా ఎక్కడ మాట్లాడినా పరుగెత్తుకు పోతుంది. మూడు గదుల అవతల ఉన్నా సరే."

దొరసాని లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది, వచ్చింది. తర్వాత నా మొహం చూడకుండా, "శనివారం ఉతుకు బట్టల్లో అది పడుతుందిగా. ఉతకనివ్వకు. నాకు తెచ్చి ఇవ్వు" అంది.

శనివారం పొద్దున నేను బట్టల గంప అడుగునుంచి ఆ మెడగుడ్డ తీసి జేబులో కుక్కుకుంటుంటే నా చేతులు వణకలేదు. వణికితే బాగుండేదని తర్వాత అనిపించింది.

మధ్యాహ్నానికి కెజియా బట్టలుతికే గదిలోకి వచ్చింది. అక్కడ నేను దొరసాని లేసులకు గంజి పెడుతున్నాను.

"ఒసే డోర్కస్, నా మెడగుడ్డ కనపడిందే? నీలం అంచుది."

"లేదే. ఉతుకులో ఏ దుప్పట్లోనో చుట్టుకుపోయుంటుంది."

నాకు అబద్ధాలు చేతకావని దొరసాని అంది. ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

"పోతే పోయిందిలే" అని అది తడి బల్ల మీదే చతికిలబడింది. "మెడ బోసిగా ఉంది. రేపు ఆ పెద్ద పెద్ద వాళ్ళందరి ముందు తోలు తీసిన కోడిలా నిలబడాలి కాబోలు."

"నిన్నెవరు చూస్తారే? పాపను చూస్తారు."

"అదీ నిజమే." కాసేపు నేను పిండుతున్న లేసు వైపు చూసింది. "మీ దొరసానికి నేనంటే ఒళ్ళు మంట, కదూ?"

"ఆమెకు చాలా మందంటే మంటే."

"నాకు కోపం లేదే. నా పిల్ల నాన్ ఉంది చూడు. పాపకు పాలు చాలవని దాన్ని నాలుగో నెలలోనే మాన్పించి మా అమ్మ దగ్గర జావ మీద పెంచాను. మొన్న ఇంటికెళ్తే నన్ను చూసి అమ్మమ్మ గౌను వెనక దాక్కుంది. కన్నతల్లినే! మా అమ్మను ఆ క్షణంలో పీక పిసికేద్దామనిపించింది. పాపం, ముసల్ది ఏం చేసింది?" అని నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "దొరసాని పిల్లను ఎత్తుకుంటే గాజు గిన్నె పట్టుకున్నట్టుంటుంది. అయినా ఎత్తుకోవాలని ఉంది, పాపం. నేను చూశాను."

నేను గంజి గిన్నెలో చేతులు ముంచి, తియ్యకుండా నిలబడ్డాను. జేబులో మెడగుడ్డ నా తొడకు వెచ్చగా తగులుతోంది. అప్పుడైనా తీసి ఇచ్చేయవచ్చు. మెడ బోసిగా ఉన్నా కెజియాను చూస్తే ఎవరికైనా ఒళ్ళో వాలిపోవాలనిపిస్తుంది. అది చూస్తూ ఇవ్వలేకపోయాను.

ఆదివారం పెద్ద హాలు నిండిపోయింది. పెద్ద దొరసాని నిప్పుగూటి పక్కన కూర్చుంది. ఆవిడ తలకట్టు మీద పౌడరు పావు సేరుంటుంది. దొరగారు నశ్యం డబ్బా మూత తెరవడం, మూయడం చేస్తున్నారు. నేను దొరసాని కుర్చీ వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

దొరసాని నీలం పట్టు గౌను వేసుకుంది. ఆ పొద్దున పౌడరు వద్దంది, మొహానికి రంగూ వద్దంది. మెడ చుట్టూ వెడల్పాటి తెల్లటి లేసు. లేసు కింద ఏముందో నాకు తెలుసు. మడిచి పెట్టింది నా చేతులే.

"సెలీనా, యార్‌కోంబ్‌లో పౌడరు దొరకడం మానేసిందా?" అంది పెద్ద దొరసాని. "ఆ తలతో వెన్న అమ్ముకోవడానికి సంతకు పోవచ్చు."

"ఈ రోజుకు ఇలాగే బాగుంటుందనుకున్నాను అత్తగారూ."

"నా ఐదుగురూ ఆ గుమ్మం నుంచి పరుగెత్తుకొచ్చారు. మూడోవాడు ఆ తొందర్లో కుక్క తోక తొక్కాడు. సరే, కానివ్వండి. నా పెట్టెలింకా విప్పలేదు. పిల్ల నీ దగ్గరికి రాకపోతే దాంతోటే వెళ్తాను."

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ కెజియా చెవిన పడింది. దానికి ఉత్తరం సంగతి తెలియదు. గబుక్కున నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను.

కెజియా పాపను దించింది. నోరు తెరవకూడదని దానికి ముందే చెప్పారు. పాప కెజియా గౌను పట్టుకుంది. కెజియా ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, వెనక్కి జరిగింది.

పాప నాలుగడుగులు వేసింది. ఆగింది. ఇన్ని మొహాలు దానికి కొత్త. పెదవి వణికింది. పెద్ద దొరసాని కుర్చీలో సర్దుకుని, "ఇక చూశాం కదా" అంది.

దొరసాని పిలవలేదు. నేల మీదికి జారి, అంత పట్టు గౌనుతోటీ కెజియా కూర్చునేటట్టే కూర్చుని, చేతులు చాచింది. పాప తుమ్మలేదు. ముక్కు పైకెత్తింది. నడిచింది. ఆ చేతుల్లోకి వెళ్ళి, ఆ మెడలో మొహం దాచి, పెద్దగా ఊపిరి పీల్చుకుంది.

ఎవరో చప్పట్లు కొట్టారు. దొరగారు నశ్యం డబ్బా జేబులో పెట్టుకున్నారు. దొరసాని కళ్ళు మూసుకుంది. రెండేళ్ళలో ఆమె మొహం అంత మెత్తగా ఉండటం నేను చూడలేదు. చూసి సంతోషించాలి. నాకు సంతోషం రాలేదు. ఎవరూ వచ్చి వాలని నా చేతులు అప్పుడూ ఖాళీగానే ఉన్నాయి.

పాప చెయ్యి లేసు కిందికి పోయింది. అలవాటైన అంచును వెతుక్కుని, బయటికి లాగి, నోట్లో పెట్టుకుంది. తెల్లటి లేసు మీద ముతక నారగుడ్డ. వంకర కుట్టు. నీలం దారం.

పెద్ద దొరసాని కళ్ళద్దం ఎత్తింది. "ఏమిటా గుడ్డపేలిక?"

"నాది" అంది దొరసాని.

"నీదా! వంటింట్లో నేల తుడిచే గుడ్డ కంటే అధ్వాన్నంగా ఉంది, నీదంటావేం?" అని ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. బోసి మెడతో నిలబడ్డ కెజియాను పైనుంచి కిందికి చూసింది. పెదవుల మీద నవ్వు మొలిచింది. "ఇదిగో, దాదీ! ఇలా చూడు. నీ మెడలో ఉండాల్సింది ఏదీ? ఆ గుడ్డ నీదేనా? చెప్పు, భయపడకు. నోరు విప్పి చెప్పు."

దొరసాని తలెత్తి కెజియాను చూసింది. నేల మీద కూర్చుని కిందినుంచి చూసింది. పాప కళ్ళు సగం మూతపడ్డాయి. నోట్లో అంచు కదులుతోంది.

కెజియా పెదవులు విడివడ్డాయి. ఒక్క మాట చాలు. అవునన్నా కాదన్నా ఒకటే. ఆ గొంతు వింటే పాప ఆ ఒడిలోంచి దూకి హాలంతా దాటి పరుగెడుతుంది. ఆ సంగతి కెజియాకు తెలుసు, దొరసానికి తెలుసు, ఆమెకు చెప్పిన నాకు తెలుసు.

కెజియా నోరు మూసుకుంది. పాప వైపు చూసింది. ఆ చూపు అక్కడినుంచి నా మీదికి వచ్చింది, గంజి గిన్నెలో ముంచిన నా చేతులు ఇప్పుడే కనపడ్డట్టు. దాంట్లో కోపం ఉన్నా నేను తట్టుకునేదాన్ని.

"చెవిటిదా ఇది?" అంది పెద్ద దొరసాని.

కెజియా మోకాళ్ళు వంచి నమస్కరించింది. వెనక్కి తిరిగింది. పై గదిలో ఉన్న తన మూట కోసం మెట్లెక్కలేదు. మాలాంటివాళ్ళు ఎప్పుడూ వాడకూడని ముందు తలుపే దగ్గరగా ఉంది, దాన్నే తెరుచుకుని మార్చి నెల గాలిలోకి దిగి, బోసి మెడ మీద రెండు చేతులూ కప్పుకుని, మా ఊరి దారి పట్టి వెళ్ళిపోయింది.