తాతకు చెప్పలేని మాట

హోటల్ ముందు టుక్‌టుక్ ఆపి ఫల్లా వెనక్కి తిరిగి చూసింది. తల్లి యెన్ సీటు మూలకు ఒదిగి కూర్చుని ఉంది. తలకు గళ్ళ తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళోని మూటను రెండు చేతులా పట్టుకుంది. మూటలో మూడు అగరొత్తులు, తమలపాకులు, వక్కలు, చిన్న సీసాలో బియ్యపు సారా ఉన్నాయి. పొద్దున్నే సంతకు వెళ్ళి ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి మరీ కొనుక్కుంది.

"దొరలొస్తే నేను దిగి నడిచొస్తాలే," అంది యెన్.

"నాలుగు కిలోమీటర్లు నడుస్తావా? కదలకుండా కూర్చో. నేనడుగుతాను."

"ఏమని అడుగుతావు?"

"మా అమ్మ మ్యూజియం ఎప్పుడూ చూడలేదు, మనతో వస్తుంది అంటాను."

"అది అబద్ధం కాదుగా?"

"ఎప్పుడన్నా చూశావేంటి?"

"చూడలేదు." యెన్ కాసేపు ఆలోచించి తల ఊపింది. "సరే, అలాగే అను. ఇవాళ మాత్రం అబద్ధాలొద్దే. ఆయన దగ్గరికి పోతున్నాం."

ఆయనంటే తాత. వాళ్ళ ఊరి పొలిమేరలో కూలిపోయిన రాతిగుడి పక్కన, తాటాకు పందిరి కింద నిలబడి ఉండే రాతి మనిషి. ఏ కాలంలో ఏ రాజు చెక్కించాడో, ఏ దేవుడని చెక్కించాడో ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. ఊరిని కాచేవాడు కాబట్టి తాత. వానలు రాకపోతే ఆయనకు చెప్పేవారు, పిల్ల పుడితే ఆయనకు చూపించేవారు. కోడి పోయినా, గట్టు జరిగినా అనుమానం ఉన్నవాణ్ణి ఆయన ముందు కూర్చోబెట్టి ప్రమాణం చేయించేవారు. అక్కడ అబద్ధమాడినవాడు కడుపుబ్బి పోతాడని పసిపిల్లలకు కూడా తెలుసు. తప్పు చేసినవాడు మూడుసార్లు వంగి మొక్కి, చేసింది చెప్పుకుని, ఇక చేయను అనాలి. అంటే తాత మన్నిస్తాడు.

ఫల్లాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక పొద్దున తాతకు తల లేదు. సైనికులు కోసుకుపోయారని ఊరంతా అనుకుంది. ఫల్లా కూడా మొన్న సోమవారం దాకా అలాగే అనుకుంది. సోమవారం పెద్దాసుపత్రిలో డాక్టరు యెన్ కడుపు నొక్కి చూసి, ఫోటోలు తీయించి, గడ్డ చాలా పెరిగిందనీ కోయడం కుదరదనీ ఇంటికి తీసుకెళ్ళమనీ చెప్పాడు. ఆ సాయంత్రం ఫల్లా గదిలో, హోటల్ వాళ్ళు అతిథులకు పంచమని ఇచ్చిన మ్యూజియం కాగితాల కట్ట పక్కన కూర్చుని యెన్ జావ తాగుతోంది. పై కాగితం మీద ఒక రాతి తల బొమ్మ ఉంది. ఆవిడ గిన్నె కింద పెట్టేసింది.

"గడ్డం మీద ఆ గాటు చూశావా? నా గునపం జారి పడిందే అది."

తర్వాత అంతా చెప్పింది. ఆ ఏడు ఫల్లాకు విషజ్వరం వచ్చి మనిషిని గుర్తుపట్టడం మానేసింది. తండ్రి అప్పటికే లేడు. సూదిమందు కావాలన్నారు. సరిహద్దు నుంచి మోటారు సైకిలు మీద ఒకడొచ్చి పాత రాళ్ళు కొంటున్నాడు. తాత మెడ దగ్గర ఎప్పటిదో పగులుంది. మందు వచ్చింది, ఫల్లా లేచి కూర్చుంది. నెల తిరగకుండా యెన్ కొడుకు సారిన్, పదిహేనేళ్ళవాడు, ఎద్దులు తోలుకెళ్ళి మందుపాతర మీద కాలేశాడు.

"ఆయనే తీసుకున్నాడు," అంది యెన్. "ఇప్పుడు నన్ను పట్టుకున్నాడు. పడితే పట్టాడు. పోయేలోపు ఒక్కసారి ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలి. లేకపోతే అక్కడికి పోయి వాడి మొహం ఎలా చూసేది?"

రేపు ఊరి బస్సు. ఉన్నది ఇవాళ ఒక్కరోజే. హోటల్ వాళ్ళు మ్యూజియం టిక్కెట్టుతో పాటు తీసుకెళ్ళడం, తిరిగి తేవడం కూడా కలిపి అమ్ముతారు. ఆ బేరాలన్నీ ఫల్లావే. ఆరేళ్ళుగా రోజుకు రెండుసార్లు ఆ గేటు దాకా వెళ్తోంది కానీ, గేటు దాటి లోపలికి ఎప్పుడూ పోలేదు.

అతిథులు హాలెండ్ నుంచి వచ్చిన ముసలి మొగుడూ పెళ్ళాలు. ఫల్లా తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అడిగింది. దొరసాని యెన్‌ను చూసి నవ్వి, తన చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చింది. దారి పొడుగునా ఇద్దరు ముసలమ్మలూ ఒకరి మోకాలికొకరి మోకాలు తగులుతూ, ఒకరి వైపొకరు తల ఊపుకుంటూ కూర్చున్నారు.

మ్యూజియం గేటు దగ్గర చెట్టునీడలో టుక్‌టుక్‌ల వాళ్ళు పేకాడుతున్నారు. వాళ్ళలో బొరిన్ నోరు ఊరుకోదు.

"ఏం ఫల్లా, మ్యూజియానికి ఇంకో పాత విగ్రహాన్ని పట్టుకొచ్చావా?"

యెన్ మెల్లగా కాలు కింద పెడుతూ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నేను విగ్రహాన్నయితే నిన్ను కాపలా పెడతార్రా అబ్బాయ్. పొద్దస్తమానం ఒక్కచోట పడుండటం బాగా వచ్చినట్టుంది నీకు."

అందరూ ఘొల్లుమన్నారు. బొరిన్ చేతులు జోడించి, పేకముక్కలు పక్కన పడేసి వచ్చి ఆవిణ్ణి మెట్లు ఎక్కించాడు.

వాకిట్లో కాపలావాడు మూట విప్పించాడు.

"సారా లోపలికి పోదు మామ్మా."

"నాక్కాదు నాయనా."

"మరెవరికి?"

"లోపలున్న పెద్దాయనకి."

"లోపలున్నవాళ్ళెవరూ తాగరు మామ్మా. అందుకే ఇన్నాళ్ళున్నారు." సీసా, అగ్గిపెట్టె బల్ల మీద పెట్టుకుని మిగతావి ఇచ్చేశాడు. "వత్తులు వెలిగించకూడదు, తెలుసుగా?"

లోపల చల్లగా ఉంది. దొరలు చెవులకు ఏవో తగిలించుకుని ముందుకు వెళ్ళిపోయారు. పన్నెండుకు గేటు దగ్గర కలుద్దామని ఫల్లా వేళ్ళతో చూపించింది. యెన్ మాత్రం మొదటి గదిలోనే ఆగిపోయింది. గోడల నిండా బుద్ధులు. ఒక్కొక్కరి ముందూ నిలబడి మొక్కుతోంది.

"ఇలా అందరికీ మొక్కుతూ పోతే మనం చేరేసరికి తలుపులు మూసేస్తారమ్మా."

"ఇంతమంది పెద్దాళ్ళు కూర్చునుంటే మొహం తిప్పుకుని పొమ్మంటావా?"

తాత మూడో గదిలో ఉన్నాడు. అద్దాల పెట్టెలో, నల్లటి దిమ్మ మీద, పైనుంచి పడే వెలుగులో. యెన్ దూరం నుంచే గుర్తుపట్టింది. దగ్గరికొచ్చి అద్దానికి మొహం ఆనించి చూసింది.

"ఇంత చిన్నవాడా?" అంది. "మోస్తుంటే ఎంత బరువున్నాడో."

ఊళ్ళో మొండెం ఇంకా అలాగే నిలబడి ఉంది. మెడ మీద ఏటిలో దొరికిన గుండ్రాయి ఒకటి పెట్టి, సున్నంతో కళ్ళు దిద్ది, ఊరివాళ్ళు దానికే మొక్కుతున్నారు. సున్నం వానలకు కరిగినప్పుడల్లా మళ్ళీ దిద్దుతారు. ఆ కళ్ళు ఒక్కో ఏడు ఒక్కోలా ఉంటాయి. ఇక్కడ ఈ కళ్ళు మాత్రం మారలేదు. సగం మూసుకుని, ఏదో వింటున్నట్టే ఉన్నాయి.

"ఏం రాశారే అక్కడ?"

ఫల్లా చదివింది. "విష్ణువు తల. పదకొండో శతాబ్దం. దొరికిన చోటు తెలియదు."

"విష్ణువా ఈయన?"

"అనే రాశారు."

"ఎవరైతేనేంలే," అని యెన్ నేల మీద కాళ్ళు ఒక పక్కకు మడిచి కూర్చుంది. తమలపాకులు, వక్కలు ముందు పరిచింది. వెలిగించని అగరొత్తులు రెండు అరచేతుల మధ్య పట్టుకుని మూడుసార్లు నేలకు వంగింది. వంగినప్పుడల్లా కడుపు నొప్పికి పళ్ళు బిగించింది.

"తాతా, నేను యెన్‌ని. కుమ్మరి తోన్ కూతుర్ని. చింతల బావి పక్కిల్లు. నీ తల తీసింది సైనికులు కాదు, నేను. వాళ్ళ మీదికి పోనిచ్చి నోరు మూసుకున్నాను. అది ఇంకో తప్పు. ఎండలో వానలో నిన్ను మొండెంతో నిలబెట్టాను. తప్పయింది తాతా." అక్కడిదాకా గడగడా వచ్చింది. తర్వాత ఆగింది.

ఎవరో విదేశీయులు వచ్చి, ఆవిణ్ణి చూసి, పక్కగా నడిచి వెళ్ళిపోయారు. ఫల్లా కాసేపు ఎదురుచూసి పక్కన కూర్చుంది.

"ఆ ఒక్క మాటా అనమ్మా, అయిపోతుంది."

"రావట్లేదే."

"ఏం రావట్లేదు?"

"ఇక చేయను అనాలి కదా." యెన్ గొంతు తగ్గించింది. "నువ్వు మళ్ళీ ఎనిమిదేళ్ళదానివై, కళ్ళు తేలేసి చాప మీద పడున్నావనుకో. ఆ గునపం నేను ముట్టుకోనా? ముట్టుకుంటానే. ముట్టుకోనని ఈయన ఎదురుగా కూర్చుని ఎలా అనేది?"

"ఎలాగో అనేయమ్మా. ఎవరు వింటారు?"

"నోర్ముయ్. వింటాడు."

ఫల్లా నాలిక కరుచుకుంది. అయినా ఇంకో మాట లోపలి నుంచి తోసుకొచ్చేసింది. "అన్న పోతాడని ముందే తెలిసుంటే?"

యెన్ ఆమె వైపు తిరగలేదు.

"అది మాత్రం అడక్కు," అంది.

అడిగినందుకు ఫల్లాకు తన నోరు తనకే చేదుగా అనిపించింది. ముప్పై ఏళ్ళుగా అమ్మ తనలో తాను ఆ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకుని ఉంటుందో. ఫల్లా ప్రతి పుట్టినరోజునా, ప్రతి జ్వరానా, ఫల్లా పెళ్ళిలో దీవించి చేతికి దారం కట్టేటప్పుడు కూడా.

"నువ్వను నా బదులు," అంది యెన్ కాసేపటికి. "నువ్వప్పుడు పసిదానివి. నీ చేతికేం అంటలేదు. మా ఇంట్లో ఇంకెవరూ ఇలాంటి పని చేయరని నువ్వంటే, ఆయన ఒప్పుకుంటాడేమో."

ఫల్లా చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద వంగి, మూడుసార్లు మొక్కింది. "తాతా, నేను ఫల్లాను. మా అమ్మ నాకోసం చేసింది. మా ఇంట్లో ఇక ఎవరమూ..." అని మొదలుపెట్టింది. మొదలుపెట్టగానే కూతురు మలియా కళ్ళ ముందుకొచ్చింది. పోయిన వానాకాలం దోమజ్వరంతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. మూడో రోజు చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినప్పుడు, నడవాలో నిలబడి తను ఏమేం చేయడానికి సిద్ధపడిందో ఫల్లాకు తెలుసు. ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి సరిపోయింది.

అద్దం వెనక సగం మూసిన ఆ కళ్ళు వింటూనే ఉన్నాయి. ఫల్లా నోరు తెరిచి మూసింది. మళ్ళీ తెరిచింది.

"నీకూ రాలేదా?" అంది యెన్.

"రాలేదమ్మా."

యెన్ చెయ్యి చాపి, కూతురి వీపు మీద పెట్టి, చిన్నప్పుడు దగ్గు వస్తే రాసినట్టు పైకీ కిందికీ రాసింది.

గది కాపలా చూసే అమ్మాయి మూల నుంచి వచ్చింది. పట్టు లుంగీ కట్టుకుని, నున్నగా జడ వేసుకుని ఉంది. ఫల్లా లేవబోయింది.

"లేవక్కర్లేదక్కా. వత్తులు వెలిగించకపోతే చాలు," అంది ఆ అమ్మాయి. "వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాగే వచ్చి కూర్చుంటారు. మా ఊరి తాతే అంటారు."

"ఈయన్నేనా?" అంది యెన్.

"ఈయన్నీ అంటారు, ఆ మూలనున్న ఆయన్నీ అంటారు. పోయిన నెల ఈయన కోసమే రెండూళ్ళవాళ్ళు ఇక్కడే పోట్లాడుకున్నారు మామ్మా. ఒకళ్ళు ముక్కు మాదంటారు, ఒకళ్ళు చెవులు మావంటారు. ఎన్ని ఊళ్ళలో తలలు పోయాయో మరి." ఆ అమ్మాయి గొంతులో వెటకారం లేదు. "మా దగ్గర పుస్తకం ఉంది. ఊరి పేరు, చెప్పినవాళ్ళ పేరు, ఎలా గుర్తుపట్టారో రాయిస్తాం. పెద్దవాళ్ళు చూస్తారు. రుజువు కనబడితే ఊరికి వచ్చి అడుగుతారు."

"ఊరికి వస్తారా?"

"వస్తారు. ఊరి పెద్దనీ, విహారంలో భిక్షువునీ అడుగుతారు."

యెన్ అద్దం వైపు చూసింది. "తీసుకురామ్మా పుస్తకం."

ఆ అమ్మాయి వెళ్ళగానే ఫల్లా తల్లి చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. రేపు ఆ ఊరికే పోతున్నావు. ముప్పై ఏళ్ళుగా గుండ్రాయికి కళ్ళు దిద్దుకుంటున్నారు వాళ్ళు. నువ్వని తెలిస్తే ఒక్కళ్ళు నీ గుమ్మం తొక్కరు. నీళ్ళు పోసేవాళ్ళుండరు."

"ఎన్నాళ్ళు లేవే."

"ఉన్నన్నాళ్ళూ. ఆ తర్వాత కూడా. మోయడానికి ఎవరొస్తారు?"

"నువ్వు రావా?"

ఫల్లా తల్లి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"చేయను అనలేకపోయాను," అంది యెన్. "చేశాను అనన్నా అననీ. వాళ్ళకు వాళ్ళ తాత ఎక్కడున్నాడో తెలుస్తుంది."

పుస్తకం మందంగా, అంచులు నలిగి ఉంది. యెన్‌కు రాయడం రాదు. ఫల్లా దాన్ని నేల మీదే పెట్టుకుని రాసింది. ఊరి పేరు రాసింది. తల్లి పేరు రాసింది. ఎలా గుర్తుపట్టారు అన్నచోట కలం ఆపి తలెత్తింది.

"గడ్డం మీద గాటు," అని యెన్ చెప్పింది. "గునపం జారింది. మెడలో పగులు ఎడమ పక్క మొదలవుతుంది, అక్కడే పెట్టి కొట్టాను. తెల్లారేలోపు ఊడింది. బియ్యం గోతాంలో చుట్టాను. రాయి."

ఎదురుగా నిలబడి చదువుతున్న అమ్మాయి మొహంలో నవ్వు పోయింది.

"పిల్లకు జబ్బు చేసిందని కూడా రాయనా?" అంది ఫల్లా మెల్లగా.

"అడిగారా?"

"అడగలేదు."

"అయితే వద్దు."

ఆ అమ్మాయి సిరాపెట్టె తెచ్చి మూత తీసి పట్టుకుంది. యెన్ బొటనవేలు అద్ది, తన పేరు పక్కన ఆనించి గట్టిగా నొక్కింది. వేలు వెంటనే తీయలేదు. పుస్తకం జారిపోకుండా ఫల్లా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.