అక్క రాసిన తిండి

ఆసుపత్రిలో తూకం మిషను ఎక్కే ముందు ఆమె ఎప్పుడూ చెప్పులు విప్పేది, వాచీ తీసేది, ప్యాంటు జేబులోని చిల్లర తీసి బల్ల మీద పెట్టేది. ఆ రోజు తలలో పిన్నులు కూడా తీసింది. అయినా మిషనుకు జాలి కలగలేదు. డెబ్బై ఎనిమిది చూపించింది.

“ఇంకోసారి ఎక్కుతాను మేడం.”

“ఎన్నిసార్లు ఎక్కినా అంతేనమ్మా. దిగండి,” అంది డైటీషియన్.

హద్దు డెబ్బై అయిదు. అంతకు మించితే ఆమె కిడ్నీ తీసి తమ్ముడికి పెట్టడానికి సర్జన్ ఒప్పుకోడు. లావు మనిషిని కోస్తే ఇచ్చేవాళ్ళ ప్రాణానికే ముప్పని మొదటి రోజే తెగేసి చెప్పాడు. సిటీ బస్సు నడుపుతూ రోజంతా సీటుకు అతుక్కుని కూర్చునే మనిషి, తొంభై దాటిన మనిషి, ఏడాది పాటు నోరు కట్టుకుని డెబ్బై మూడుకు దిగింది. అంతా సిద్ధమనుకునేసరికి తమ్ముడికి ఇన్ఫెక్షన్ వచ్చి ఆపరేషన్ వాయిదా పడింది. అది తగ్గేదాకా బరువు పెరగకుండా ఉండండి, అదే మీ పని అన్నారు. తగ్గడం ఒక ఎత్తు, తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. ఈ సంగతి కడుపు మాడ్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది. మిగతావాళ్ళు సలహాలిస్తారు.

డైటీషియన్ ఆమె తిండి డైరీ తిరగేసింది. నోట్లోకి ఏం వెళ్ళినా అందులో రాయాలి. ఆమె అంత నిజాయితీగా రాసినవాళ్ళు ఆ ఆసుపత్రిలో ఇంకొకరు ఉండరు. దగ్గు మందు తాగితే రాసింది. డిపోలో ఎవరిదో పుట్టినరోజైతే ‘కేకు, గోరంత, బలవంతం మీద’ అని రాసింది. ఒకసారి బస్సు నడుపుతుంటే నోట్లో దోమ పడింది. అదీ రాసి, దోమలో ఎంత కొవ్వుంటుందో తెలియక పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

డైటీషియన్ డైరీ మూసింది. లేచి వెళ్ళి తలుపు కూడా మూసింది.

“ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు రాసిన తిండి తిన్నవాళ్ళు పెరగరు. మీరేమో మూడు నెలలుగా పెరుగుతున్నారు. అంటే రాయనిదేదో తింటున్నారు.”

“ఒట్టు మేడం! నేను తిన్నదంతా అందులోనే ఉంది.”

“వినండి. ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాను. కిడ్నీ ఇవ్వాలంటే భయం ఉంటుంది, ఇంట్లోవాళ్ళకు వద్దని చెప్పలేరు. తప్పేం కాదు. మీకు ఇష్టం లేకపోతే నాతో ఒక్క ముక్క చెప్పండి. బరువు కుదరలేదని మీ తమ్ముడికి మేమే చెప్పుకుంటాం. అసలు కారణం ఎవరికీ తెలియనివ్వం.”

పాపం, మర్యాదగానే అంది. కానీ ఆమెకు అది చెంప ఛెళ్ళుమనిపించినట్టే ఉంది. తమ్ముడికి ఎడమ చేతి నరం మూసుకుపోయింది. డయాలసిస్ సూది కుడి చేతికి మార్చారు, అదీ మొరాయిస్తోంది. ఈ పద్ధతిలో ఎక్కువ కాలం లాగలేమని డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. వాడికి ఈ లోకంలో ఉన్నది తను, తనకున్నది వాడు. తను దొంగచాటుగా తిని తప్పించుకుంటోందా?

“నాకు ఇష్టమే మేడం. రేపు కోస్తానంటే రేపే పడుకుంటాను.”

“అయితే రెండు వారాల్లో మళ్ళీ రండి, ఆయన్నీ తీసుకురండి. కారణం తేలకపోతే నేను ఫైలు మూసేయాలి. తేలినా ఆపరేషన్‌కు అనుమతిచ్చే కమిటీ మిమ్మల్నీ అడుగుతుంది, ఆయన్నీ అడుగుతుంది. ఇద్దరిలో ఎవరు వద్దన్నా అక్కడితో సరి.”

తమ్ముడికి ఆమె ఈ మాటలేవీ చెప్పలేదు. వాడు టైలరు. వీధి వైపు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను పెట్టుకుని, డయాలసిస్ లేని రోజుల్లో పాత బట్టలు సరిచేసే పని చేస్తాడు. ఆమె తెల్లవారకముందే డ్యూటీకి పోతుంది గనుక వంట కూడా వాడిదే. కూరలు వాడే తరుగుతాడు, అన్నం వాడే కాటా మీద తూచి అంకె చెబుతాడు, ఆమె రాసుకుంటుంది. రాత్రికి చిక్కటి కూరగాయల సూప్ చేసి పెడతాడు. ఆ సూప్ తాగితే పొద్దున్నదాకా ఆకలన్నదే తెలిసేది కాదు. మా వాడి చేతిలో ఏదో మహిమ ఉందని ఆమె డిపోలో కనిపించినవాళ్ళందరికీ చెప్పింది.

ఆ రోజు నుంచి ఆమె అన్నం పూర్తిగా మానేసింది. రెండు పూటలా సూపే. ఒక గిన్నె కాదు, రెండు గిన్నెలు పొయ్యమనేది. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య డిపో చుట్టూ నడిచేది. అద్దం ముందు నిలబడి బుగ్గలు నొక్కి చూసుకునేది. ఇంట్లో తూకం మిషను లేదు. రోజుకు పదిసార్లు దాన్నెక్కి పిచ్చిదైపోతోందని డైటీషియనే తీసేయించింది. ఇక మిగిలిన కొలత యూనిఫారం ప్యాంటు. తగ్గుతున్నప్పుడల్లా తమ్ముడు దాన్ని బిగిస్తూ వచ్చాడు. డెబ్బై మూడుకు దిగిన రోజు నడుము దగ్గర ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మరి పెరిగిన కిలోలు ఎక్కడ దాక్కున్నట్టు? ఆసుపత్రి మిషనే చెడిపోయిందని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు కదా.

డిపోలో ‘జెట్టు’ అని ఒకావిడ ఉంది. ఆ రూటులో అందరికన్నా నెమ్మదిగా బస్సు నడుపుతుంది కాబట్టి ఆ పేరు. ఒక మధ్యాహ్నం జెట్టు చెయ్యి తగిలి ఫ్లాస్కులో టీ అంతా ఆమె ప్యాంటు మీద ఒలికింది. ఆడవాళ్ళ గదిలో తువ్వాలు చుట్టుకుని, ప్యాంటు ఉతికి, తిరగేసి ఫ్యాను కింద పట్టుకుంది.

“మీ తమ్ముడు దీన్ని ఎప్పుడు వదులు చేశాడే?” అంది జెట్టు.

“వదులేంటి? బిగించాడు.”

“నాకు చెప్పకు. మా ఆయన ప్యాంట్లు ఏటేటా వదులు చేసేది నేనేగా. ఇదిగో చూడు.”

వెనక కుట్టు వెంట, పాత దారం పోయినచోట సూది బెజ్జాలు వరసగా ఉన్నాయి. కొత్త కుట్టు వాటికి బాగా ఇవతల, గుడ్డ అంచు వైపు పడింది. మధ్యలో గుడ్డ వెలిసిపోకుండా ముదురు నీలంగా ఉంది. ఇంకాస్త వెతికితే అలాంటిదే ఇంకో బెజ్జాల వరస కనిపించింది. అంటే ఒకసారి కాదు, రెండుసార్లు. వెనక వైపు కదా, తొడుక్కునే మనిషికి ఎలా కనిపిస్తుంది?

ఆమె బల్ల మీద కూలబడింది. తను పెరుగుతోందని వాడికి తెలుసు. తనకు తెలియకూడదని విప్పి కుట్టాడు. వండేది వాడు, తూచేది వాడు. కంచే చేను మేసింది. కానీ ఏ కంచెకైనా చేను మేయాల్సిన అవసరం ఏమొచ్చింది? అదే ఆమెకు అంతుపట్టలేదు.

సెలవు చీటీ పడేసి, తడి ప్యాంటుతోనే ఇంటికొచ్చింది. తమ్ముడు మిషను దగ్గర ఎవరిదో చొక్కా కాలరు తిప్పుతున్నాడు. ఆమె లోపలికెళ్ళి చీర చుట్టుకుని, ప్యాంటు తెచ్చి తిరగేసి వాడి ముందు పడేసింది.

“ఇదేంట్రా?”

వాడు చూశాడు. అబద్ధం ఆడలేదు.

“బిగుతైతే నీకు తెలిసిపోతుందని విప్పాను.”

“సూపులో ఏం కలుపుతున్నావు?”

“వెన్న. జీడిపప్పు నూరి. పెరుగు మీగడ పాలతో తోడుపెడుతున్నా. అన్నం తూచేటప్పుడు ముందే రెండు గరిటెలు వేసి సున్నా నొక్కేవాణ్ణి.”

ఆమె చెయ్యెత్తింది. వాడి మోచేతి దగ్గర పట్టీ చూసి దించేసింది.

“నన్ను దొంగను చేశావు కదరా! ఆవిడ తలుపేసి మరీ అడిగింది. కిడ్నీ ఇవ్వడం ఇష్టం లేకే తింటున్నారా అని అడిగింది. ఇంతకన్నా విషం పెట్టకపోయావా?”

“అమ్మకు కూడా చిన్న ఆపరేషనే అన్నారు అక్కా.”

“ఇప్పుడు అమ్మ సంగతెందుకు?”

“నువ్వు డ్యూటీలో ఉన్నావు. తలుపు బయట కూర్చుంది నేను. డాక్టరు వచ్చి చెప్పింది నాకు. ‘పొద్దున నవ్వుతూ లోపలికెళ్ళింది కదండీ’ అని ఆయనతో పోట్లాడాను, తెలుసా నీకు?” వాడు చొక్కా ఒళ్ళోకి లాక్కున్నాడు. “ఈసారి నేను పక్క బల్ల మీద ఉంటాను. నాకు మెలకువ వచ్చాక, మీ అక్క లేవలేదు అంటే? నీ కిడ్నీ ఒంట్లో పెట్టుకుని నేనేం చేసుకోవాలి?”

“నాకేం కాదురా.”

“అమ్మ కూడా అదే అంది.”

“మరి నువ్వు పోతే? నాకూ రోజూ మెలకువ వస్తుందిగా? లేచి ఎవరి కోసం బస్సు తోలాలి నేను?”

వాడు కాలరు మడత విప్పాడు, మళ్ళీ మడిచాడు.

“వద్దని నాతోనే చెప్పొచ్చుగా,” అంది ఆమె.

“చెప్తే వింటావా? నీతో వాదించి గెలిచినవాడు ఎవడున్నాడు? నేనే అక్కడ వద్దన్నానంటే జన్మలో నా మొహం చూడవు. బరువు ఎక్కువైందంటే ఎవరి తప్పూ ఉండదనుకున్నా.” కాలరును సూది కింద పెట్టాడు. “ఇప్పుడైనా అంతే. నన్నడిగితే వద్దనే చెప్తాను.”

ఆమె ఏడ్చింది. దాచుకోకుండా, పక్కింటికి వినిపిస్తుందని కూడా చూసుకోకుండా ఏడ్చింది. కోపానికి ఏడ్చిందో, వాడి మీద జాలికి ఏడ్చిందో అడిగితే చెప్పలేదు. తర్వాత ముఖం కడుక్కుని, డైరీ తెచ్చుకుని, వాడి కత్తిరింపుల బల్ల మీదే పెట్టుకుని పాత పేజీల్లో రాయడం మొదలుపెట్టింది. వాడు లేచి వచ్చి తొంగి చూశాడు. ‘రొట్టె నాలుగు ముక్కలు, వెన్న రాసి, దొంగతనంగా. జీడిపప్పు గుప్పెడు, డ్యూటీ నుంచి వస్తూ.’

“ఇవి నువ్వు తినలేదు కదా!”

“తిన్నాను. వెన్నా తిన్నాను, జీడిపప్పూ తిన్నాను. ఎవరు పెట్టారో రాయడం లేదు, అంతే.”

“నిజం చెప్పెయ్ అక్కా. నీ మీద మాట ఎందుకు పడాలి?”

“నిజం చెప్తే ఆ క్షణమే నిన్ను అడుగుతారు. నువ్వు వద్దంటావు. ఫైలు మూసేస్తారు. నేను తిండిపోతునైతే తిడతారు, తిట్టి ఇంకో అవకాశమిస్తారు.” ఆమె తలెత్తలేదు. “నువ్వు నాతో వస్తున్నావు. నేను అబద్ధాలు చెప్తుంటే పక్కన కూర్చుని విను. నీకు వద్దనిపిస్తే అక్కడే, నా ఎదురుగానే చెప్పు.”

అప్పటి నుంచి తన వంట తనే చేసుకుంది. ఉప్పు కూడా వాణ్ణి అందించనివ్వలేదు. ఉడకబెట్టిన కూరలు, మీగడ తీసిన మజ్జిగ. ఇప్పుడు తెలిసింది ఆకలంటే ఏంటో. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడితే స్టీరింగు మీద తల వాల్చి కళ్ళు మూసుకునేది. వాడు చూస్తూ ఉండేవాడు.

రెండు వారాల తర్వాత మిషను డెబ్బై ఏడు చూపించింది. కిలో తగ్గింది గాని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. డైటీషియన్ డైరీలో కొత్త సిరాతో రాసిన వరసలు చదివింది. చదువుతున్నకొద్దీ ఆవిడ మొహంలో మర్యాద కరిగిపోయింది.

“ఇదా సంగతి! నా మొహం మీదే ఒట్టేశారు.”

“తప్పయిపోయింది మేడం. నోరు ఆగలేదు.”

“ఈయన గుక్కెడు నీళ్ళు కూడా కొలుచుకుని తాగుతున్నాడు. మీరు రొట్టెకు వెన్న పూసుకుని దొంగతనంగా తింటున్నారా? ఆయన పక్కన కూర్చుని భోజనం ఎలా సయిస్తోంది మీకు? సొంత తమ్ముడేనా?”

తమ్ముడు కుర్చీలో కదిలాడు. ఆమె వాడి వైపు చూడలేదు. చూస్తే వాడు నోరు తెరుస్తాడని భయం.

“సొంత తమ్ముడే మేడం. బుద్ధి గడ్డి తింది.”

“మీ మాట ఏం నమ్మి కమిటీకి రాయమంటారు? రేపు ఆపరేషన్ అయ్యాక మాత్రం జాగ్రత్తగా ఉంటారని ఏంటి గ్యారంటీ? వద్దమ్మా. మూసేద్దాం.” ఆవిడ పెన్ను మూత తీసింది.

ఆమె కుర్చీలోంచి జారి కింద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఏ ఇన్‌స్పెక్టరు ముందూ తల వంచని మనిషి డైటీషియన్ కాళ్ళు పట్టుకోబోయింది.

“ఒక్క నెల మేడం. పచ్చి మంచినీళ్ళ మీద ఉంటాను. ఒక్క నెల ఇవ్వండి.”

“లేవండి! ఇదేం పని, లేవండి.”

“ఆవిణ్ణి ఏమీ అనకండి మేడం,” అన్నాడు తమ్ముడు.

“అనకుండా సన్మానం చెయ్యమంటారా? సరే, మీరే చెప్పండి. ఇదంతా చూశారు కదా. అసలు మీకేం కావాలి?”

వాడు ఒక్క మాట అంటే చాలు. వండింది నేనని అన్నా చాలు, నాకు వద్దని అన్నా చాలు. అక్క మీద పడిన మాట తుడుచుకుపోతుంది, అక్క బతికిపోతుంది. ఆమె నేల మీద పలకల మధ్య గీతనే చూస్తూ ఉండిపోయింది.

వాడు వంగి ఆమె భుజాలు పట్టుకుని లేపాడు. కుర్చీలో కూర్చోబెట్టాడు.

“నాకు మా అక్క కిడ్నీ కావాలి,” అన్నాడు. “ఈ నెల ఈవిడ ఏం తింటుందో నేను చూసుకుంటాను. గ్రాము పెరగనివ్వను. ఫైలు మూయకండి మేడం. నాకు బతకాలని ఉంది.”

డైటీషియన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెన్నుకు మూత పెట్టి, క్యాలెండరు దగ్గరకు లాక్కుంది.

ఈ మాట వాడి నోట వినడానికే ఆమె ఏడాదికి పైగా కడుపు మాడ్చుకుంది. తీరా విన్నాక, లోపలికెళ్ళి మళ్ళీ లేవనేమోనని ఆమెకు మొట్టమొదటిసారి భయం వేసింది.