ఇవాళ ఏం చెప్పారు?

మా కొట్టుకి నియమం ఒకటే. ఒకరి మూట ఇంకొకరి చేతికి వెళ్ళకూడదు. చొక్కా కాస్త నలిగితే ఊరుకుంటారు, బొత్తాం ఊడితే నాలుగు మాటలని ఊరుకుంటారు. పక్కింటాయన ప్యాంటు తమ మూటలో వచ్చిందంటే మాత్రం మళ్ళీ మన గడప తొక్కరు. అందుకే వచ్చిన ప్రతి బట్టకీ లోపలివైపు దారంతో గుర్తు కుడతాను. అది నా పని, ఇస్త్రీ మా చెల్లి పని. ఇన్నేళ్ళలో మూట మారింది లేదు. అలాంటి మా చెల్లి, ఎవరికో చెందాల్సిన మూటని ఒకరోజు కాలేజీ నుంచి నెత్తికెత్తుకుని ఇంటికి తెచ్చింది. అది మనది కాదే తల్లీ అని దారి పొడుగునా మొత్తుకున్నాను. వింటేనా.

మా ఆయన పోయాక నేను చెల్లి దగ్గరే ఉంటున్నాను. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. మరిది సిటీ బస్సు నడుపుతాడు. బండి మీద లేకపోతే మంచం మీద ఉంటాడు, మధ్యలో మనిషి ఎలా ఉంటాడో మాకూ సరిగ్గా తెలీదు. వాళ్ళకి ఒక్కతే కూతురు. దానికి బారసాలలో పెట్టిన పేరు వేరే ఉంది గానీ, నిలిచింది నేను పెట్టిన పేరే. వాగుడుకాయ.

బళ్ళో చేరిన దగ్గర్నుంచీ దానిది ఒకటే వరస. సాయంత్రం రావడం, సంచీ విసిరేయడం, ఇస్త్రీ కావలసిన బట్టల మూట మీద ఎక్కి కూర్చోవడం. చెల్లి బల్ల మీంచి తల ఎత్తకుండానే అడిగేది, ఇవాళ ఏం చెప్పారు అని. అంతే, కుళాయి తిప్పినట్టే. పాఠం మొదట్నించీ చివరిదాకా మా ఇద్దరికీ అప్పజెప్పేది. నేను సూది పట్టుకుని ఊఁ కొట్టేదాన్ని. చెల్లి అలా కాదు. వింటూ వింటూ మధ్యలో ఒక ప్రశ్న వేసేది.

మా చెల్లికి నోట్లో నాలుక లేదు. మూట తీసుకెళ్ళి డబ్బులివ్వని వాళ్ళని కూడా గట్టిగా అడగలేదు. చదువు అంతంతమాత్రం. కానీ కూతురి పాఠం దగ్గర మాత్రం ఎక్కడ లేని అనుమానాలూ వచ్చేవి. చిన్నపిల్లలు అడిగేలాంటివి. మనకైతే అడగడానికి సిగ్గేస్తుంది. దానికి వెయ్యదు, ఎందుకంటే తనకేమీ రాదని కూతురికి ముందే తెలుసు.

పిల్ల ఇళ్ళూ వంతెనలూ కట్టే చదువులో చేరింది. మార్కులతో వచ్చిన సీటు, ఫీజు లేదు. తప్పితే సీటు పోతుంది, అదొక్కటే షరతు. మొదటి ఏడాది ఒకనాడు దూలం మీద బరువు పడితే ఏమవుతుందో చెప్తోంది. చెల్లి కాలర్ నొక్కుతూ అడిగింది, బరువుని దూలం మోస్తుంది సరే, మరి దూలాన్ని ఎవరు మోస్తారూ అని. స్తంభం అంది పిల్ల. స్తంభాన్ని? పునాది. పునాదిని? నేల. మరి నేల మెత్తగా ఉంటేనో? అక్కడ మా వాగుడుకాయ నోరు పడిపోయింది. "రేపు అడిగొచ్చి చెప్తానమ్మా" అంది.

ఎప్పుడు చిక్కుబడినా అదే మాట. మర్నాడు వెళ్ళి అడిగితే ఆ పాఠం చెప్పే మేష్టారు ఆశ్చర్యపోయి, అది పై ఏడాది పాఠమమ్మాయ్ అంటూనే క్లాసు అయ్యాక కూర్చోబెట్టి చెప్పాడట. ఆ ఏడాది పిల్ల క్లాసులో అందరికంటే ముందు నిలిచింది. దాని బుర్ర అలాంటిది అన్నారు అందరూ. బుర్ర సరే. రోజూ ఒకళ్ళకి అర్థమయ్యేలా చెప్పి, అర్థం కాలేదంటే మళ్ళీ చెప్పి, ఆ చెప్పడంలోనే అది నేర్చుకుందని నేను కళ్ళారా చూశాను.

రెండో ఏడాది సగంలో కాలేజీ వాళ్ళు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మరిది డ్యూటీలో ఉన్నాడు. చెల్లి ఒక్కతే వెళ్ళడానికి భయపడితే నేను తోడెళ్ళాను. కంగారులో అది కళ్ళజోడు కొట్లోనే మర్చిపోయింది. ఆ మేష్టారే మార్కుల కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమంటే, వేలు పెట్టి చూపించిన చోట చేసింది. ఒక్క అంకె కూడా దానికి కనపడలేదు. దాన్ని చూసి నవ్వుకున్నాను కూడా.

మా ముందు వరసలో కూర్చున్నవాళ్ళని చూడాలి. ఒకావిడ, తన కొడుకు రాయాల్సినవన్నీ తనే రాసిస్తుందట, పైగా గొప్పగా చెప్పుకుంటోంది. ఇంకొకాయన అర మార్కు కోసం ముగ్గురు లెక్చరర్లకి రోజూ ఫోన్లు చేసి ప్రాణం తీశాడట. అప్పుడు మేష్టారు లేచి మాట్లాడాడు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇకనైనా వాళ్ళని వదలండి, ఇవాళ ఏం చెప్పారు, ఎంతవరకూ చదివావు అని రోజూ వెంటపడకండి, మీరు ఎంత దూరం జరిగితే వాళ్ళు అంత బాగా చదువుతారు అన్నాడు. చెప్పిందంతా ఆ ముందు వరస కేసి చూస్తూనే. నేను తృప్తిగా తల ఊపాను, బాగా గడ్డి పెట్టాడని. పక్కకి తిరిగి చూస్తే మా చెల్లి మొహం పాలిపోయి ఉంది. ఇవాళ ఏం చెప్పారు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా దానిదే కదా.

దారిలో నా నోరు నొప్పి పుట్టింది. ఆయన నిన్ను కాదే అన్నది, నువ్వు వెంటపడ్డం లేదే, నువ్వు అడక్కపోయినా అదే చెప్తుందే అన్నాను. చదువుకున్నాయన అందరికీ కలిపి చెప్పాడు కదక్కా, మనకేం తెలుసు అంది. పెద్దల మాట చద్దిమూట అంటారు. చద్దిమూటైనా ఎవరిది వాళ్ళు విప్పుకోవాలి. మాది కాని మూట విప్పుకుని తిన్నాం మేము.

ఆ సాయంత్రం పిల్ల వచ్చి మూట మీద కూర్చుంది. చెల్లి అడగలేదు. పిల్ల కాసేపు చూసి తనే ఏదో మొదలుపెట్టబోతే, నాకెందుకు చెప్పి టైము పాడుచేసుకుంటావు, వెళ్ళి చదువుకోమ్మా అంది. ఎంత ప్రేమగా అందో. పిల్ల లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చి నిలబడింది, ఆ మర్నాడూ నిలబడింది. తర్వాత నేరుగా లోపలికి వెళ్ళడమే.

నాకు ఒళ్ళు మండి, నువ్వు అడక్కపోతే నేనడుగుతానని ఒకరోజు నేనే అడిగాను. పాపం చెప్పింది. ఏదో నీళ్ళ ఒత్తిడి గురించి. నాకు వింటూ వింటూనే కునుకు పట్టింది. లేచి చూస్తే సూది నా చేతిలోనే ఉంది, పిల్ల లేదు. అందరి వల్లా అయ్యే పనులు కావవి.

చెల్లి మాత్రం కూతురి కోసం చెయ్యగలిగిందంతా చేస్తున్నాననే అనుకుంది. రేడియో కట్టేసింది. నన్ను కుట్టు మిషను పగలే తిప్పుకోమంది. ఇస్త్రీ పెట్టె కూడా చప్పుడవకుండా దించేది. టీ తీసుకెళ్ళి తలుపు పక్కన పెట్టి పిలవకుండా వచ్చేసేది. ఇంట్లో మాటలు తగ్గిపోయి, వచ్చే పోయే వాళ్ళు ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్ళు.

ఏడాది చివర పిల్ల సగం సబ్జెక్టులు తప్పింది. తప్పిన వాటికి మళ్ళీ ఒక్కసారి రాయనిస్తారు, అప్పుడూ పోతే సీటు పోయినట్టే. చెల్లి భయపడి ఇంకా దూరం జరిగింది. నేను అడ్డం అయ్యుంటాను, నా ఊసు తగిలినా దాని మనసు చెదురుతుందేమో అని నాతో గుసగుసలాడేది. పరీక్ష రోజు పిల్ల గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. చెల్లి బట్టల్లోకి తల దించేసుకుంది. కన్నీళ్ళు కనపడితే పిల్ల బెంగపడుతుందని. పిల్లకి కనపడింది మాత్రం తల దించేసుకున్న తల్లి.

పరీక్ష పోయింది, సీటు పోయింది. మరిది ఆ ఒక్కరోజు బండెక్కలేదు, పడుకోనూ లేదు, గుమ్మంలో కూర్చున్నాడు. చెల్లి మాత్రం, పోనీలే, మన వంతు మనం చేశాం, మనవల్ల అడ్డం రాలేదు అని నాతో అంది.

తర్వాత ఒకనాడు మేడ మీద తడి దుప్పట్లు చెరో కొసా పట్టుకుని పిండుతుంటే పిల్లే కదిపింది. "ఆ మీటింగులో నా మార్కులు చూశాక అమ్మకి నా మీద ఆశ పోయింది పెద్దమ్మా. ఆ రోజునించే అడగడం మానేసింది" అంది. ఒక సబ్జెక్టులో తక్కువొచ్చాయట అప్పుడు. నేను దుప్పటి వదిలేశాను. మీ అమ్మ ఏ మార్కులూ చూళ్ళేదే పిచ్చిమొహమా, కళ్ళజోడే లేదు దానికి అన్నాను. జరిగిందంతా చెప్పాను. అది నేను వదిలేసిన దుప్పటి ఎత్తి మళ్ళీ నీళ్ళలో ముంచింది. అమ్మకి చెప్పకు పెద్దమ్మా, తను మంచే చేశాననుకుంటోంది, అలాగే అనుకోనీ అంది. నేనూ అలాగే అనుకున్నాను. తెలిసి ఏడవడం తప్ప దానివల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది?

పిల్ల ఉద్యోగంలో చేరింది. వాళ్ళ కంపెనీకి జనం ఫోన్లు చేస్తుంటే చెవులకి మైకు తగిలించుకుని జవాబులు చెప్పే పని. పొద్దస్తమానం మాట్లాడి ఇంటికొస్తే ఇక పెదవి విప్పేది కాదు. వాగుడుకాయ అని పిలవడం నేనూ మానేశాను. నోరు రాలేదు.

మేష్టారు వచ్చింది అప్పుడు. మా వీధి చివరికి ఇల్లు మారాడట, కోటు పట్టుకుని కొట్టుకొచ్చాడు. నేను గుర్తుపట్టాను. మా పిల్ల పేరు చెప్తే ఆయనా గుర్తుపట్టాడు, మొహం వాడింది. మంచి పిల్లండీ అన్నాడు. మొదటి ఏడాది క్లాసులో ఎవరూ అడగని ప్రశ్నలు అడిగేది, పునాది కింద నేల మెత్తగా ఉంటే ఏమవుతుంది లాంటివి, రెండో ఏడాది మధ్యలో ఉన్నట్టుండి అడగడం మానేసింది, ఇంటి దగ్గర ఏమైనా కష్టం వచ్చిందేమో అనుకున్నాను అన్నాడు. నేను సైగ చేసేలోపే చెల్లి ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"అవి నేనడిగినవి సార్."

ఆయనకి అర్థం కాలేదు. చెల్లి మళ్ళీ చెప్పింది, రోజూ సాయంత్రం ఇక్కడే అడిగేదాన్ని, తెలీకపోతే మిమ్మల్ని అడిగొచ్చి చెప్పేది అంది. ఆయన బల్లనీ, పక్కనున్న మూటనీ చూశాడు.

"మరి ఎందుకు మానేశారమ్మా?"

"మీరే కదా సార్ మానమన్నారు."

నిష్ఠూరంగా అనలేదది. ఇంత మాటా మర్చిపోయారా అన్నట్టు అంది. ఆయనకి గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. అది మీకు చెప్పిన మాట కాదమ్మా, మీలాంటి వాళ్ళకి కాదు అని మెల్లగా అన్నాడు. దానికి నిలబెట్టి మరీ చెప్పాను నేను ఆనాడే. చెప్పాను కదే అని ఇప్పుడు అనడానికి నాకు మనసు రాలేదు. మళ్ళీ చేర్చుకునే దారేమైనా ఉందా సార్ అని అడిగాను. ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశారండీ అన్నాడు. కోటు వదిలేసి వెళ్ళిపోయాడు. దానికి గుర్తు రెండుసార్లు కుట్టాను. చెల్లి ఏడవలేదు. ఎవరిదో చొక్కా తీసి, ఇస్త్రీ అయినదాన్నే మళ్ళీ చేసింది.

సాయంత్రం పిల్ల వచ్చింది. అలవాటుగా లోపలికి పోబోతుంటే చెల్లి మూట ఒకటి బల్ల దగ్గరికి జరిపింది. తల ఎత్తలేదు.

"ఇవాళ ఏం చెప్పారు?"

పిల్ల ఆగిపోయింది. నా కేసి చూసింది. నేను చెప్పలేదని తల అడ్డంగా ఊపాను. అది వచ్చి మూట మీద కూర్చుంది. ఇప్పుడు పెద్దదైంది కదా, మూట పూర్తిగా అణిగిపోయింది. ఎవరూ ఏం చెప్పలేదమ్మా, రోజంతా నేనే చెప్పాను అంది. ఏం చెప్పావు అంది చెల్లి. పిల్ల ఆ ఫోను గొంతు పెట్టి అప్పజెప్పింది. మీ ఫోను మాకు ఎంతో ముఖ్యం, దయచేసి లైనులోనే వేచి ఉండండి అని.

చెల్లి కాలర్ నొక్కుతూ ఆలోచించింది. అదే చెల్లి, అదే వాలకం. "అంత ముఖ్యమైతే మరి ఆగమనడం దేనికే?"

పిల్లకి ఫక్కున నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో మా కొట్లో ఆ నవ్వు విన్నాను. అలవాటు కొద్దీ దాని నోటికి పాత మాటే వచ్చింది. "రేపు అడిగొచ్చి..." అని ఆగిపోయింది. నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళు నిండిపోయాయి.

"అక్కడ అడగడానికి ఎవరూ ఉండరమ్మా" అంది.

చెల్లి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి, ఆ మూట మీదే దాని పక్కన ఇరుక్కుని కూర్చుంది. నేను లేచి వెళ్ళి ప్లగ్గు తీసేశాను.