హాజరు పట్టీ

తాడేపల్లిగూడెంలోని ఆ యూనివర్సిటీ లైబ్రరీ తలుపులు తొమ్మిదింటికి తీస్తారు. నజ్మా ఎనిమిదిన్నరకే వచ్చి, బల్లలు తుడిచి, పేపర్లు సర్ది, గుమ్మం దగ్గర ఉండే రీడర్ల రిజిస్టరు తెరుస్తుంది. అప్పటికే పేజీలో మొదటి నాలుగైదు గీతలు నిండి ఉంటాయి. అవి పోయినవాళ్ళ సంతకాలు.

ఒకసారి అక్కడ కూర్చుని చదువుకున్నవాళ్ళు ఓ పట్టాన ఆ చోటు వదలరు. బియ్యం మిల్లు గోడౌనులో మూడు బీరువాలతో లైబ్రరీ మొదలైన రోజుల నాటి లెక్కల మేష్టారు పట్టాభిరామయ్య ఇప్పటికీ సిరా పెన్నుతోనే సంతకం పెడతారు. లైబ్రరీకి ఏలూరులో శాఖ తెరిచిన ఏడాది కామెర్లతో పోయిన వీరదుర్గ అనే పిల్ల పరీక్షల నెలలో మాత్రమే వస్తుంది. వచ్చిన టైము రాస్తారు గానీ, వెళ్ళిన టైము ఎవరూ రాయరు. ఏడాది చివర రీడర్ల సంఖ్య పై ఆఫీసుకు పంపేటప్పుడు అసిస్టెంట్ లైబ్రేరియన్ సుబ్బరామయ్య వాళ్ళనీ కలిపేస్తాడు. బతికున్న పిల్లలేమో ఫోన్లకు చార్జింగ్ పెట్టుకోవడానికి వస్తున్నారు, బుద్ధిగా చదివేవాళ్ళని ఏ మొహంతో తీసేస్తాడు మరి.

నజ్మా వెతికేది మాత్రం తన భర్త షేక్ హఫీజ్ పేరు. అతను లైబ్రరీ వ్యాను డ్రైవరు. వారానికి రెండుసార్లు కొల్లేటి లంక ఊళ్ళకు పుస్తకాలు తీసుకెళ్ళేవాడు. రెండేళ్ళ కిందట కొల్లేరు పొంగిన సోమవారం వెళ్ళినవాడు తిరిగి రాలేదు. నాలుగో రోజున చేపల చెరువు గట్టుకి ఆనుకుని వ్యాను దొరికింది. లోపల పుస్తకాలు నానిపోయి ఉన్నాయి, మనిషి లేడు.

శవం లేదు కాబట్టి కాగితాల మీద అతను చనిపోలేదు. మరణ ధ్రువపత్రం ఉంటేనే నజ్మాకి పర్మినెంట్ ఉద్యోగం, అందాకా రోజుకూలీ. అతను పోయినట్టు సుబ్బరామయ్య రెండుసార్లు అర్జీ రాసుకొచ్చినా ఆమె సంతకం పెట్టలేదు. పద్నాలుగేళ్ళు ఈ లైబ్రరీలో బతికినవాడు, పోయి ఉంటే ఇక్కడికి రాకుండా ఉంటాడా? రిజిస్టరులో లేడంటే ఎక్కడో ఉన్నాడు. ఆ ధైర్యంతోనే చేతుల నిండా గాజులు వేసుకుని తిరుగుతోంది.

అత్తగారు హమీదా రోజూ సాయంత్రం బియ్యం గ్లాసు పట్టుకుని అడుగుతుంది.

"ఇవాళ వచ్చాడా అమ్మా?"

"రాలేదత్తమ్మా."

అది విన్నాకే ఆవిడ ధైర్యంగా కొడుకు వంతు మూడో గ్లాసు గిన్నెలో పోస్తుంది.

శనివారం పొద్దున సుబ్బరామయ్య కొత్త సంగతి చెప్పాడు. సోమవారం నుంచి రీడర్లకు కార్డు పెడితే తెరుచుకునే గేటు వస్తుంది, రిజిస్టరు ఇక ఉండదు.

"సారండీ, పోయినవాళ్ళకి కార్డులుండవు కదండీ?" అంది నజ్మా.

"వాళ్ళు రావడం మానరమ్మా. వచ్చినట్టు మనకి తెలియదు, అంతే."

ఇక వెతకడానికి పేజీ ఉండదని నజ్మాకి దిగులేసింది. ఆ వెంటనే, సిగ్గుపడాల్సినంత సుఖంగానూ అనిపించింది. ఇక ఏ పొద్దునా ఆ పేరు కనబడుతుందేమోనని భయపడక్కర్లేదు.

పాత రిజిస్టర్లన్నీ స్టోరుకు పంపాలని ఆయన అవి ఉన్న ఇనప్పెట్టె తాళంచెవి ఇచ్చాడు. అట్టడుగున ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉంది, స్టాఫు హాజరు పట్టీ. వరదకు నెల ముందు స్టాఫుకి వేలిముద్రల మిషను రావడంతో దాన్ని అందులో పడేశారు. నజ్మా దుమ్ము దులిపి తెరిచింది.

ఖాళీగా ఉండాల్సిన పేజీలు ఖాళీగా లేవు. ప్రతి పేజీ మీదా నెల పేరు, కింద ఒకే ఒక్క మనిషి పేరు. తోక పొడుగ్గా లాగే హఫీజ్ సంతకం ఆదివారాలు, పండగలు తప్ప రోజూ ఉంది. మొదటిది వరద వచ్చిన మర్నాటిది. జనం ఇంకా పడవల మీద అతని కోసం వెతుకుతున్న మంగళవారం అది.

నజ్మా పేజీలన్నీ చివరిదాకా తిప్పింది. రెండేళ్ళూ రీడర్లలో వెతికింది. అతను రీడరెప్పుడయ్యాడు? స్టాఫువాళ్ళు గుమ్మం దగ్గరి రిజిస్టరులో సంతకం పెట్టరని రోజూ ఆ గుమ్మం ఊడ్చే తనకి తెలియదా?

సుబ్బరామయ్య వచ్చి చూసి కళ్ళద్దాలు తీసేశాడు.

"ఇది చాలమ్మా. దీన్ని ఆఫీసువాళ్ళు కాదనరు. నీ ఉద్యోగం ఆర్డరు వచ్చేస్తుంది."

"ఆయన పోయిన తేదీ ఏదని వేస్తారండీ?"

"ఆ సోమవారమే."

భర్త పోతే తమ మతాచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు ఇంటిపట్టున ఉండాలి. ఆ రోజులన్నీ ఆమె గాజులు వేసుకుని, అతని ఫోటో పట్టుకుని కొల్లేటి గట్ల వెంట తిరిగింది. ఏడవాల్సిన రోజులు ఏడవకుండానే అయిపోయాయని ఆమెకి అప్పుడు ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూస్తే, ప్రతి రోజుకీ రెండు సంతకాలున్నాయి.

"సాయంత్రం కూడా పెట్టారండీ."

"ఐదింటికి డ్యూటీ దిగాడన్నమాట."

"దిగి ఎక్కడికి వెళ్తారండీ?"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. అర్జీ కాగితం ఆమె ముందు పెట్టాడు. నజ్మా సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి హమీదా గ్లాసు పట్టుకుని ఉంది.

"ఇవాళ వచ్చాడా అమ్మా?"

"వచ్చారత్తమ్మా. మొదటి రోజు నుంచీ వస్తూనే ఉన్నారు."

ఆవిడ చేతిలోని మూడో గ్లాసు బియ్యం తిరిగి డబ్బాలో పోయబోయింది. నజ్మా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండత్తమ్మా. ఐదింటికే డ్యూటీ దిగారు," అంది. వీధి తలుపు గడియ వేయలేదు.