విశ్రాంతి గదిలో అరుపు

కవరు విప్పి చదవగానే ఫెన్నా మొహం పాలిపోయింది.

ఏ నాడీకణం ఏ ఎలుకదో తెలియకుండానే బొమ్మ గీయాలి, గీయడం పూర్తయ్యాకే ఆ వివరాలున్న కవరు విప్పాలి. గ్రోనింగెన్‌లో మా ల్యాబు నియమం అది. ఫెన్నా నెలల తరబడి మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆ కణాల కొమ్మలన్నీ గీసింది. వారాలపాటు ఒత్తిడిలో బతికిన ఎలుకల్లో ఆ కొమ్మలు కురచైపోతాయి. అది మాకు తెలిసిందే. తర్వాత వేరే గదిలో ఉంచి విశ్రాంతినిస్తే మళ్ళీ పెరుగుతాయని ఆమె వాదన.

పెరగలేదు.

"నెలాఖరుకి ఈ పని ఆపేద్దాం, ఫెన్నా," అన్నారు ప్రొఫెసర్ వుబ్బో.

"చెడిపోయింది ఇక బాగుపడదని రాయమంటారా?"

"వచ్చింది రాయమంటున్నాను."

"విశ్రాంతి గదిలో వాటిని ఏదో భయపెడుతోందండీ."

"భవనం మొత్తంలో అంత నిశ్శబ్దమైన గది లేదు. ఏరికోరి తీసుకున్నది నువ్వే."

"నిశ్శబ్దం ఎవరికి? మనకా, వాటికా?" అని ఫెన్నా నావైపు తిరిగింది. "సీట్సే, నీ గబ్బిలాల డబ్బా పట్రా."

"అది గబ్బిలాలది కాదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

గబ్బిలాల్లాగే ఎలుకలు కూడా మన చెవికి అందనంత సన్నగా కూస్తాయి. ఆ కూతల్ని మనకు వినిపించే పరికరం అది. విశ్రాంతి గదిలో మీట నొక్కగానే కీచుమని ఒకటే మోత.

"ఎలుకలేనా?" అంది ఫెన్నా.

బోనులన్నీ బయట పెట్టించాను. మోత ఆగలేదు. పరికరాన్ని గోడల వెంట తిప్పాను, తర్వాత పైకెత్తాను. కొత్తగా బిగించిన దీపం దగ్గర చెవులు చిల్లులు పడేలా మోగింది. దీపం ఆర్పాను. నిశ్శబ్దం.

"పాపం, పగలే కదా ఇవి పడుకునేది," అంది ఫెన్నా నెమ్మదిగా. "ఆ టైములో ఇది అరుస్తూనే ఉంది. అసలు వీటికి విశ్రాంతెక్కడ దొరికింది?"

గుమ్మంలో నిలబడి అంతా విన్నారు వుబ్బో. "దీపం మార్పించండి. కొత్త ఎలుకలతో ఇంకొక్కసారి చెయ్యి. అంతే."

వేసవి వచ్చేసరికి ఫెన్నా బొమ్మలు మళ్ళీ సిద్ధమయ్యాయి. ఈసారి కవరు వుబ్బోయే విప్పారు. బొమ్మలన్నిటినీ అందులోని జాబితా ప్రకారం రెండు కుప్పలుగా పేరుస్తూ పోయారు. ఒక కుప్పలో మోడుల్లాంటివి. రెండో కుప్పలో కొమ్మకు కొమ్మ తొడిగినవి. పూర్తిగా మునుపటిలా కాదు, కానీ చాలావరకు.

"విశ్రాంతి దొరికినవి ఇవే," అన్నారు రెండో కుప్ప మీద చెయ్యి పెట్టి. "ఆపేద్దామన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"అది చాలదండీ," అంది ఫెన్నా. "మిగతా కొమ్మలు కూడా పెరుగుతాయో లేదో చూడాలి. ఇంకో ఏడాది ఇవ్వండి."

"తీసుకో," అన్నారాయన.